మూడు సూదులూ, ఒక కత్తీ



ఈ నెల మన సైన్సు ముచ్చట కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. ముందు వంటింట్లోకి వెళ్ళి, పోత ఇనుముతో చేసిన దోసెల పెనం ఉంటే చూడండి. తరవాత గోడకు కొట్టిన మేకు చూడండి. ఆ పైన అమ్మ కుట్టుపెట్టెలోంచి ఒక సూది తీసుకోండి. అయస్కాంతం దగ్గరికి తీసుకుపోతే మూడూ అంటుకుంటాయి. మూడూ ఇనుమే.

కాని మూడింటి స్వభావాలూ మూడు రకాలు. మేకును పక్కనుంచి సుత్తితో కొడితే వంగుతుంది. బండమీద పెట్టి మళ్ళీ కొడితే తిన్నబడుతుంది. సూదిని వేళ్ళ మధ్య కొంచెం వంచి వదిలితే దానంతట అదే తిన్నగా లేచి నిలబడుతుంది. పెనం సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది చెయ్యి జారి బండమీద పడిందంటే వంగదు, సాగదు. ఠప్పున పగులుతుంది. ఆ రోజు దోసెలు లేనట్టే!

ఒకే ఇనుముకు ఇన్ని బుద్ధులు ఎట్లా వచ్చాయి?

వాటిలో కలిసి ఉన్న బొగ్గువల్ల వచ్చాయి. కట్టెబొగ్గులో ఉండే ముఖ్యమైన పదార్థాన్ని కర్బనం అంటారు. మేకులో ఈ కర్బనం నూటికి 0.1 లేక 0.2 పాళ్ళు ఉంటుంది. సూదిలో సుమారు 0.8 పాళ్ళు ఉంటుంది. పోత ఇనుప పెనంలో 3 పాళ్ళు దాటి ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే కూర పాడైనట్టు, కర్బనం ఎక్కువైతే ఇనుము పెళుసుబారుతుందన్న మాట. అయితే కథ ఇంతటితో అయిపోలేదు. అంతే అయితే నే నిప్పుడు చెప్పబోయే మూడు సూదుల పరీక్ష జరగనే జరగదు.

మూడు సూదులు

ఈ పరీక్ష మీ అంతట మీరు చెయ్యకూడదు. అమ్మగాని, నాన్నగాని, మీ మాస్టారుగాని పక్కన ఉండాలి. కాల్చే పని పెద్దవాళ్ళే చెయ్యాలి. ఒకే పొట్లంలోవి మూడు పెద్ద సూదులు, పొయ్యి, పట్టుకారు, గ్లాసుడు చన్నీళ్ళు, ఒక గరుకు కాగితం ఉంటే చాలు.

మొదటి సూదిని పట్టుకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చాలి. తరవాత దాన్ని ఒక్కసారిగా బయటికి తియ్యకుండా, మంట నుంచి కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ, మెల్లిగా చల్లారనివ్వాలి. బాగా చల్లారాక వంచి చూడండి. తీగలాగా వంగుతుంది, వంగినది వంగినట్టే ఉండిపోతుంది. సూది తన బిగువంతా పోగొట్టుకున్నది!

రెండో సూదినీ అట్లాగే ఎర్రగా కాల్చాలి. కాని ఈసారి ఆ ఎరుపు పోకముందే చప్పున నీళ్ళలో ముంచాలి. అందుకని నీళ్ళ గ్లాసు మంట పక్కనే ఉండాలి. సన్నని సూది గాలిలోనే క్షణంలో చల్లారిపోతుంది. ఇప్పుడు సూదిని మందపాటి గుడ్డలో చుట్టి వంచండి. గుడ్డ తప్పకుండా ఉండాలి, ముక్క ఎగిరి కంట్లో పడితే ప్రమాదం. 'టిక్' మని శబ్దం వినిపిస్తుంది. సూది గాజుపుల్లలాగా విరిగిపోయింది.

మూడో సూదిని కూడా రెండోదానిలాగే కాల్చి నీళ్ళలో ముంచాలి. ఆ పైన గరుకు కాగితంతో రుద్ది తళతళ లాడేట్టు చెయ్యాలి. తరవాత మంటకు బాగా ఎత్తున పట్టుకుని, ఎర్రబడకుండా, మెల్లిగా వేడి చెయ్యాలి. ఇప్పుడు వింత చూడండి! మెరిసే సూదిమీద ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది. అది గోధుమరంగు అవుతుంది. తరవాత ఊదా. ఆ తరవాత చక్కని నీలం. నీలం రాగానే మంట నుంచి తీసెయ్యాలి. ఈ సూదిని గుడ్డలో చుట్టి కొంచెం వంచి వదలండి. విరగదు, వంగి ఉండిపోదు. మళ్ళీ తిన్నగా లేస్తుంది.

మూడు సూదులూ ఒకే పొట్లంలోవి. మూడింటిలోనూ కర్బనం ఒకే పాలు. మనం దేనికీ ఏదీ కలపలేదు, దేనినుంచీ ఏదీ తియ్యలేదు. అయినా ఒకటి తీగ అయింది, ఒకటి గాజు అయింది, ఒకటి తిరిగి సూది అయింది. కనక ఎంత కర్బనం ఉన్నదన్నదే కాదు, అది లోపల ఏ రూపంలో ఉన్నదన్నది కూడా ముఖ్యమే. ఆ రూపాల్లో ముఖ్యమైనది ఈ నెల మన కథానాయకుడు. దాని పేరు ఐరన్ కార్బైడు.

మూడుకు ఒకటి

ఇనుప పరమాణువులు మూడు, కర్బన పరమాణువు ఒకటి, ఈ లెక్క ప్రకారం కలిస్తే ఐరన్ కార్బైడు అవుతుంది. ఇనుప పరమాణువు బరువు 56 అనుకుంటే కర్బన పరమాణువు బరువు 12. మూడు ఇనుములు 168, ఒక కర్బనం 12, మొత్తం 180. అంటే 180 గ్రాముల కార్బైడులో కర్బనం 12 గ్రాములే. ఇంకోవిధంగా చెప్పాలంటే, ఒక గ్రాము కర్బనం 14 గ్రాముల ఇనుమును పట్టుకుని 15 గ్రాముల కార్బైడు తయారుచేస్తుంది.

ఈ 15 అన్న అంకె గుర్తుంచుకోండి. మొదటి సూది ఉన్నది చూశారా, అట్లాంటి ఉక్కు 100 గ్రాములు తీసుకుంటే అందులో కర్బనం 0.8 గ్రాములే. కాని కార్బైడు 0.8 × 15, అంటే 12 గ్రాములు! చిటికెడు బొగ్గు ఇంత పని ఎట్లా చేస్తుందా అని ఆశ్చర్యపడేవాళ్ళకు ఇదే జవాబు.

కార్బైడు గుణం ఏమిటి? అది మహా గట్టిది. గాజుమీద గీత గియ్యగలదు. కాని వట్టి పెళుసు. ఎందుకంటే, శుద్ధమైన ఇనుములో పరమాణువులు వరసలు వరసలుగా ఉంటాయి. బలంగా కొడితే పేకముక్కల కట్టలో ఒక ముక్కమీద ఇంకొకటి జారినట్టు ఒక వరసమీద ఇంకొక వరస జారుతుంది. అందుకే ఇనుము వంగుతుంది, సాగుతుంది. కార్బైడులో అట్లా కుదరదు. అందులో ఒక్కొక్క కర్బన పరమాణువు తన చుట్టూ ఆరేసి ఇనుప పరమాణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. జారుడు లేదు. అందుచేత ముందు ఎంత కొట్టినా లొంగదు. లొంగేటప్పుడు పగిలే లొంగుతుంది.

వట్టి కార్బైడుతో కత్తి చేశామనుకోండి. అది మొదటి దెబ్బకే ముక్కలవుతుంది. వట్టి ఇనుముతో కత్తి చేస్తే మొదటి దెబ్బకే అంచు మడతపడుతుంది. ఒకటి మరీ మెత్తన, ఇంకొకటి మరీ పెళుసు. ఈ రెంటినీ సరి అయిన విధంగా పక్కపక్కన కూర్చోబెట్టడమే ఉక్కు రహస్యం.

ముత్యంలా మెరిసిన ఉక్కు

ఆ కూర్చోబెట్టిన తీరును మొదట కళ్ళారా చూసినవాడు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. ఆయనది షెఫీల్డు నగరం. కత్తులకూ కత్తెరలకూ ఆ ఊరు ప్రసిద్ధి. అయితే సార్బీ కత్తులు చేసేవాడు కాడు, రాళ్ళను పరిశోధించేవాడు. రాతిని పల్చగా అరగదీసి సూక్ష్మదర్శినితో చూడటం ఆయనకు అలవాటు.

రాయిని చూసినట్టే ఇనుమును ఎందుకు చూడకూడదు అని ఆయనకు తోచింది. అప్పటిదాకా అందరూ ఇనుమును విరగ్గొట్టి, విరిగినచోటు చూసేవాళ్ళు. సార్బీ అట్లా చెయ్యలేదు. ఉక్కుముక్కను అద్దంలాగా నునుపుచేసి, పల్చని ఆమ్లంతో తడిపాడు. ఆమ్లం ఒకచోట ఎక్కువగానూ, ఒకచోట తక్కువగానూ తిన్నది. దాంతో లోపలి అమరిక బయటపడింది. 1863లో ఆయన దాన్ని సూక్ష్మదర్శిని కింద చూశాడు. కొన్నిచోట్ల ముత్యపుచిప్ప లోపలి భాగంలో కనిపించే రంగురంగుల మెరుపు కనిపించింది!

ఆ మెరుపు దేనివల్ల వచ్చిందో చాలాకాలం తెలియలేదు. 1880ల్లో మరింత శక్తిగల సూక్ష్మదర్శినితో చూస్తే తెలిసింది. అక్కడ పొరమీద పొర, పొరమీద పొర. ఒకటి మెత్తని ఇనుము, ఒకటి గట్టి కార్బైడు, మళ్ళీ ఇనుము, మళ్ళీ కార్బైడు. ఒక తలవెంట్రుక మందంలో ఇట్లాంటి పొరలు వందల కొద్దీ పట్టగలవు. ముత్యపుచిప్ప మెరుపుకూ ఇట్లాంటి సన్నని పొరలే కారణం. అందుకే ఈ అమరికకు ముత్యం పేరుమీదనే పెర్లైటు అని పేరు వచ్చింది. అందులోని మెత్తని ఇనుమును ఫెర్రైటు అంటారు. కార్బైడుకు లోహశాస్త్రంలో సిమెంటైటు అని పేరు.

మీరు పూతరేకు తిన్నారా? ఒక్క రేకును పట్టుకుంటే చిట్లిపోతుంది. కాని మధ్యమధ్య నెయ్యీ చక్కెరా పెట్టి మడతలు పెడితే చేతిలో పట్టుకుని తినవచ్చు. పెర్లైటు కూడా అట్లాంటిదే. పెళుసైన కార్బైడు రేకుల మధ్య మెత్తని ఇనుము ఉన్నది. రేకులు ఇనుమును జారిపోనివ్వవు. ఇనుము రేకులను పగిలిపోనివ్వదు.

ఈ పెర్లైటు మీకు బాగా పరిచయమే. మీరు ఎక్కే రైలు దానిమీదనే పరుగెత్తుతుంది. మన దేశపు రైలు పట్టాల్లో సాధారణంగా నూటికి 0.6 నుంచి 0.8 పాళ్ళ కర్బనం ఉంటుంది. పట్టా ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే దాదాపు అంతా ముత్యపు పొరలే కనిపిస్తాయి. టన్నుల బరువుగల చక్రాలు రోజూ దొర్లినా పట్టా త్వరగా అరగకుండా ఉండటానికి ఆ కార్బైడు రేకులే ఆధారం. వీణమీద మీటే ఉక్కుతీగలో కూడా ఈ పొరలే ఉంటాయి. తీగ సాగదీసేటప్పుడు అవి ఇంకా ఇంకా సన్నబడి, ఇంకా బలపడతాయి.

సార్బీ తరవాత ఒక మాట చెప్పుకున్నాడు. తాను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో ఎక్కడైనా రైలు ప్రమాదం జరిగి, ఆ పట్టా ముక్కను సూక్ష్మదర్శినితో చూడండని తాను సలహా ఇచ్చి ఉంటే, జనం తనను పిచ్చాసుపత్రికి పంపవలసిందే అనుకునేవారట! ఇప్పుడు పట్టా విరిగినా, ఇరుసు విరిగినా ఇంజనీర్లు ముందు చేసే పనుల్లో అదొకటి. విరిగినచోట కార్బైడు ఉండవలసిన రూపంలో ఉన్నదా లేదా అని చూస్తారు. ఎందరి ప్రాణాలో ఆ చూపుమీద ఆధారపడి ఉన్నాయి.

కొలిమిలో ఏం జరుగుతుంది?

ఇక మన సూదుల దగ్గరికి వద్దాం.

ఉక్కును ఎర్రగా కాల్చినప్పుడు, 727 డిగ్రీల సెంటిగ్రేడు దాటగానే, లోపల పెద్ద మార్పు జరుగుతుంది. ఇనుప పరమాణువులు తమ వరసలు మార్చుకుని కొత్త విధంగా నిలబడతాయి. ఆ కొత్త అమరికలో కర్బనానికి చోటు ఎక్కువ. వేడినీళ్ళలో పంచదార కరిగినట్టు కార్బైడు ఇనుములో కరిగిపోతుంది. ఇనుము ద్రవం కాలేదు సుమా! ఘనంగా ఉంటూనే కరిగించుకున్నది.

మెల్లిగా చల్లారిస్తే ఇనుము తిరిగి పాత వరసల్లోకి వస్తుంది. అక్కడ కర్బనానికి చోటు లేదు. పాకం నెమ్మదిగా చల్లారితే కలకండ పలుకులు కట్టినట్టు, కర్బనం మళ్ళీ కార్బైడు రేకులుగా బయటపడుతుంది. ఆ రేకులు ముతకగా, ఎడంగా ఉంటాయి. వాటి మధ్య మెత్తని ఇనుము బోలెడంత ఉన్నది. మొదటి సూది తీగలాగా వంగడానికి కారణం అదే.

ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే కర్బనానికి బయటపడే వ్యవధి ఉండదు. ఇనుము వరసలు మారుతాయి గాని, కర్బనం మధ్యలో ఇరుక్కుపోతుంది. తలుపు మూసేస్తున్న రైలుపెట్టెలో ఇరుక్కున్న మనిషిలాగా అది చుట్టూ ఉన్నవాటిని నెడుతూ ఉంటుంది. లోపలంతా బిగుసుకుపోతుంది. ఈ స్థితిలో ఉక్కు విపరీతంగా గట్టిది, విపరీతంగా పెళుసుది. దీన్ని మార్టెన్‌సైటు అంటారు. రెండో సూది విరిగింది ఇందుకే.

మూడో సూదిని తిరిగి కాస్త వేడిచేశాం కదా? ఆ వేడికి ఇరుక్కున్న కర్బనం కొంత కదిలి, పక్కనున్న ఇనుముతో కలిసి కార్బైడు అయింది. అయితే ఈసారి రేకులు కాదు. కంటికి కనబడని నలుసులు. కోట్లకొద్దీ నలుసులు ఇనుమంతటా చల్లినట్టు పడ్డాయి. బిగువు సడలింది, గట్టిదనం చాలావరకు నిలిచింది. అందుకే సూది తిరిగి సూది అయింది. మనం చూసిన ఎండుగడ్డిరంగూ, నీలమూ కార్బైడు రంగులు కావు. ఉక్కుమీద గాలి వల్ల పట్టిన అతి పల్చని పొర రంగులవి. ఎండుగడ్డి రంగు సుమారు 230 డిగ్రీలకు వస్తుంది, నీలం సుమారు 300 డిగ్రీలకు. థర్మామీటరు లేనివాడికి ఆ రంగులే థర్మామీటరు.

ఇదంతా కొత్త సంగతి కాదు. ఊళ్ళో కొలిమి ఉంటే, కోతలకు ముందు ఒకసారి వెళ్ళి చూడండి. కమ్మరి కొడవలిని కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, పదును పెట్టడం అంటే ఇదే. కొలిమి పాకలో వెలుగు తక్కువగా ఉంటుందెందుకో తెలుసా? ఎండ వెలుతురులో ఎరుపు రంగు సరిగా తెలియదు. ఎరుపు కొంచెం తక్కువైతే కార్బైడు కరగదు. నీళ్ళలో ముంచినా పదును రాదు. ఎరుపు మించితే ఉక్కు ముతకబడుతుంది. పదును ఎక్కువైతే కొడవలి పంట మధ్యలో విరుగుతుంది. తక్కువైతే పూటకొకసారి అంచు పోతుంది. కూలికి వెళ్ళిన అమ్మకు ఆ రోజు కోత ఎంత సాగుతుందన్నది, కమ్మరి ఆ ఒక్క క్షణంలో చూసిన ఎరుపుమీద ఆధారపడి ఉంటుంది. ఆయన సిమెంటైటు అన్న మాట విని ఉండకపోవచ్చు. కాని దానితో రోజూ పని చేయించుకుంటున్నాడు.

పెనం సంగతి

మరి పెనం ఎందుకు పగిలింది? పోత ఇనుములో కర్బనం మరీ ఎక్కువ. అది చల్లారేటప్పుడు రెండు దారులున్నాయి. త్వరగా చల్లారితే కర్బనమంతా కార్బైడు అవుతుంది. అట్లాంటి ఇనుమును విరగ్గొడితే లోపల తెల్లగా మెరుస్తుంది. దానికి తెల్ల పోత ఇనుమని పేరు. ఆకురాయి దానిమీద జారిపోతుంది, అంత గట్టిది. నిదానంగా చల్లారి, ఇనుములో సిలికన్ కూడా తగినంత ఉంటే, కర్బనం చాలావరకు కార్బైడు కాకుండా గ్రాఫైటు రేకులుగా మిగులుతుంది. పెన్సిలులో ఉండేది గ్రాఫైటే. ఈ ఇనుము విరిగినచోట బూడిదరంగుగా ఉంటుంది. మన పెనం సాధారణంగా ఈ రకం. మెత్తని గ్రాఫైటు రేకులు ఇనుము మధ్య పగుళ్ళలాగా ఉంటాయి కనక పడితే పగులుతుంది.

దీన్నిబట్టి ఇంకో సంగతి తెలుస్తుంది. కార్బైడు శాశ్వతమైనది కాదు. చాలాకాలం వేడిలో ఉంచితే అది ఇనుముగానూ గ్రాఫైటుగానూ విడిపోగలదు. మామూలు వేడిలో ఈ మార్పు ఎంత నెమ్మది అంటే, మన కొడవలికీ సూదికీ ఏ భయమూ లేదు. కాని ఏళ్ళ తరబడి మండే ఆవిరిని మోసే గొట్టాల మాట వేరు. 1943లో అమెరికాలోని స్ప్రింగ్‌డేలు విద్యుత్కేంద్రంలో ఒక ఆవిరి గొట్టం విరిగిపోయింది. అది పెట్టి ఆరేళ్ళు కూడా కాలేదు. పరీక్షించి చూస్తే, అతుకు పక్కన కార్బైడు విడిపోయి, గ్రాఫైటు వరసగా పేరుకుని ఉన్నది. అప్పటినుంచి ఇట్లాంటి గొట్టాల ఉక్కులో క్రోమియం కలపడం మొదలుపెట్టారు. క్రోమియం కార్బైడును విడిపోకుండా నిలబెడుతుంది.

కోనసముద్రం ఉక్కు

ఇప్పుడు కత్తి కథ చెబుతాను. ఇది మన ఊళ్ళ కథ కూడా.

నేటి తెలంగాణాలో, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రం అని ఒక ఊరున్నది. అక్కడ ఒకప్పుడు మట్టిమూసల్లో ఉక్కు తయారుచేసేవాళ్ళు. ఇనుప ముక్కలను మూసలో పెట్టి, పైన మట్టితో మూసి, రాత్రింబగళ్ళు తిత్తులు ఊది కాల్చేవాళ్ళు. దక్షిణాదిలో కొన్నిచోట్ల మూసలో తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు కూడా వేసేవారు. అవి మాడి బొగ్గయి కర్బనాన్ని ఇచ్చేవి. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. కాని కర్బనం చేరినకొద్దీ ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. కరిగిన ఉక్కును మూసలోనే నిదానంగా చల్లారనిస్తే చిన్న రొట్టెలాంటి ముద్ద తయారయ్యేది.

హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, ఆయన భూగర్భ పరిశోధకుడు కూడా, ఈ ఊరు వెళ్ళి పని అంతా చూసి వర్ణించాడు. ఆ వర్ణన ఆయన చనిపోయాక, 1832లో అచ్చయింది. ఆయన వెళ్ళినప్పుడు ఆ కుగ్రామంలో ఎవరు తటస్థపడ్డారనుకుంటున్నారు? పర్షియాలోని ఇస్ఫహాను నుంచి వచ్చిన వర్తకుడు! ఉక్కు కొనుక్కుపోవడానికి అంతదూరం నుంచి వచ్చాడు. పశ్చిమ ఆసియాలో పేరుమోసిన డమాస్కసు కత్తులకు ఇట్లాంటి మన ఉక్కు ముద్దలే ముడిసరుకు. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషువాళ్ళ నోట 'వుట్జు' అయిందని పలువురు పండితులు చెబుతారు.

ఈ ముద్దల్లో కర్బనం నూటికి సుమారు 1.5 పాళ్ళు. మన 15 లెక్క వేసి చూడండి. 100 గ్రాములకు 22 గ్రాములకు పైగా కార్బైడు! ఇంత కార్బైడున్న ఉక్కు పెళుసు కావద్దూ? ఐరోపా కమ్మరులకు అట్లాగే అయింది. తమ ఇనుమును కాల్చినట్టు తెల్లగా కాల్చి కొడితే అది సమ్మెట కింద ముక్కలయ్యేది. తూర్పుదేశపు కమ్మరి దాన్ని అంతగా కాల్చడు. మసక ఎరుపులో ఉంచి, మాటిమాటికీ కాలుస్తూ, ఓపికగా సాగగొడతాడు. అట్లా చేయగా చేయగా కార్బైడు పెద్ద రేకులు విరిగి గుండ్రని గింజలవుతాయి. గింజలు వరసలు కడతాయి. కత్తిని నునుపుచేసి ఆమ్లం పూస్తే, నల్లని నేలమీద కార్బైడు వరసలు తెల్లగా, పారే నీటి అలల్లాగా కనిపిస్తాయి. డమాస్కసు కత్తిమీది ఆ అలలు ఎవరో గీసిన బొమ్మలు కావు. అవి మన సిమెంటైటు గింజలే.

ఆ అలల రహస్యం కోసం గొప్పగొప్పవాళ్ళు ప్రయత్నించారు. విద్యుచ్ఛక్తిని గురించి ఎన్నో సంగతులు కనిపెట్టిన మైకేల్ ఫారడే పేరు మీరు విన్నారు కదా? ఆయన కమ్మరి కొడుకు. 1819 నుంచి కొన్నేళ్ళపాటు మన వుట్జుమీద పరిశోధనలు చేశాడు. అందులో ఉన్న కొద్దిపాటి అల్యూమినియమే దాని గొప్పతనానికి కారణమనుకున్నాడు. అది పొరపాటు. అంతటివాడూ పొరపడ్డాడు గాని, ప్రశ్న వెయ్యడం మానలేదు.

19వ శతాబ్దంలోనే మన మూసల కొలుములు ఒక్కటొక్కటిగా ఆరిపోయాయి. యంత్రాలమీద చవకగా చేసిన ఉక్కు వచ్చింది. కత్తులకు గిరాకీ పోయింది. చేసేవాళ్ళతోపాటు చేతివిద్య కూడా పోయింది. దాన్ని ఎవరూ పూర్తిగా రాసిపెట్టలేదు. దాన్ని తిరిగి పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా కష్టపడ్డారు. 1990ల్లో అమెరికాలో వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడూ, పెండ్రే అనే కమ్మరీ కలిసి పనిచేసి, అలలున్న కత్తిని మళ్ళీ చేయగలిగారు. వాళ్ళు చెప్పింది ఏమిటంటే, ఇనుములో వనేడియం వంటి లోహం వెయ్యిలో పదోవంతుకన్నా తక్కువ ఉన్నా చాలు, కార్బైడు గింజలు వరసలు కట్టడానికి అది తోడ్పడుతుందట. ఆ వనేడియం ముడిరాతిలోనే ఉండాలి. రాయి మారితే అలలు రావు. ఎక్కడి ఇనుము మూసలో వెయ్యాలన్నది మన పాతవాళ్ళు ఎందుకంత పట్టింపుగా చూసుకునేవారో ఇప్పుడు అర్థమవుతున్నది.

ఒక్కమాట ఆలోచించండి. కోనసముద్రంలో తిత్తి ఊదిన మనిషికి చెయ్యడం తెలుసు, కారణం తెలియదు. ఫారడేకు కారణం కావాలి, చెయ్యడం తెలియదు. విద్వాంసుడూ కమ్మరీ ఒకే కొలిమి దగ్గర నిలబడితే గాని పని కాలేదు. కనక మీ ఊళ్ళో ఇంకా కొలిమి రాజుతున్నట్టయితే, ఈ సెలవుల్లో ఒక పూట వెళ్ళండి. "తాతా, ఎరుపు ఎంతవరకు రావాలి? నీళ్ళలో ఎంతసేపు ఉంచుతారు?" అని అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ కాగితం ఎప్పుడు ఎవరికి పనికివస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ నెల లెక్క: 100 గ్రాముల మేకుల్లో కర్బనం 0.1 గ్రాము ఉన్నది. అదంతా కార్బైడు రూపంలోనే ఉంటే, ఆ మేకుల్లో కార్బైడు ఎన్ని గ్రాములు? మిగిలిన మెత్తని ఇనుము ఎంత? మేకు ఎందుకు వంగుతుందో మీ లెక్కే మీకు చెబుతుంది. జవాబు వచ్చే నెల.